టీచరుగా పనిచేసిన అమ్మ మీద స్మృతి సంచిక: 37 ఏళ్ళ సర్వీసు 80 పేజీల్లోకి ఎలా వస్తుంది?

పేరాల_పిల్ల:

అందరికీ నమస్కారం. మా అమ్మ చీరాల చుట్టుపక్కల ఊళ్ళలో ఎలిమెంటరీ స్కూల్ టీచరు. 1973లో చేరి 2010లో రిటైరైంది. మొన్న కార్తీకంలో పోయింది. సంవత్సరీకం నాటికి ఒక చిన్న పుస్తకం వేద్దామని మేం ముగ్గురం అనుకున్నాం. అన్నయ్య అమెరికాలో ఉన్నాడు, చెల్లి బెంగళూరులో, పని చేయాల్సింది నేనే.

చేతిలో ఉన్నవి: ఒక ట్రంకుపెట్టె నిండా కాగితాలు, అందులో చెదలు తిన్న సర్వీసు రిజిస్టర్ నకలు, నలభై దాకా ఫొటోలు, బంధువులూ తోటి టీచర్లూ రాసి పంపిన 11 వ్యాసాలు. ఇబ్బంది ఆ వ్యాసాలతోనే. పదకొండింటిలోనూ "ఆదర్శ ఉపాధ్యాయిని", "త్యాగమూర్తి", "చెరగని చిరునవ్వు". పేరు తీసేస్తే ఏ టీచరుకైనా సరిపోతాయి.

ఏం సేకరించాలి, ఎవర్ని ఏం అడగాలి, ఎన్ని కాపీలు వేయాలి, ఏ సైజు? బడిలో ఆవిడ పేరు మీద ఏటా ఒక బహుమతి పెట్టాలని కూడా ఉంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

---

రిటైర్డ్_హెచ్చెమ్:

అమ్మా, ముందు వ్యాసాలు పక్కన పెట్టి ఆ ఎస్సార్ (సర్వీసు రిజిస్టర్) బయటికి తీయండి. టీచరు జీవితానికి అంతకన్నా నమ్మకమైన డైరీ లేదు. ప్రతి బదిలీ, ప్రతి ఇంక్రిమెంటు, ప్రతి సెలవు తేదీతో సహా అందులో ఎక్కి ఉంటుంది.

చెదలు తినేసిన పేజీల కోసం ఆవిడ చివరగా పనిచేసిన మండలం ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అడగండి. పంచాయతీరాజ్ టీచర్ల పెన్షన్ కాగితాలు లోకల్ ఫండ్ ఆడిట్ ద్వారా నడిచేవి, కాబట్టి అక్కడికి వెళ్ళిన ఫైలులోనూ సర్వీసు వివరాల నకలు ఉండొచ్చు. మొదట మామూలు అర్జీ పెట్టండి, మరణ ధ్రువపత్రం, మీరు వారసులన్న కాగితం జతచేసి. పని కాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు. మండల స్థాయి ఆఫీసుకి ఫీజు 5 రూపాయలు, ఆ పైవాటికి 10, జవాబుకి గడువు 30 రోజులు. ఏకంగా "మొత్తం ఫైలు ఇవ్వండి" అంటే పక్కన పడేస్తారు. "ఫలానా ఏడాది నుంచి ఫలానా ఏడాది దాకా సర్వీసు ఎంట్రీలున్న పేజీల నకళ్ళు" అని అడగండి.

ఎస్సార్ చదవడంలో కొత్తవాళ్ళు పొరబడే చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటి పేజీల్లో బడి పేరు "పంచాయతీ సమితి ప్రాథమిక పాఠశాల" అని ఉంటుంది. మండలాలు 1985లో వచ్చాయి, ఆ తర్వాత అదే బడి "మండల ప్రజా పరిషత్ పాఠశాల" అయింది. రెండు పేర్లు చూసి రెండు బళ్ళు అనుకుని బదిలీ రాసేస్తారు. అలాగే జిల్లా. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. మీ అమ్మగారు పుట్టింది గుంటూరు జిల్లాలో, పనిచేసింది ప్రకాశంలో, పోయింది బాపట్లలో, ఊరు మారకుండానే. ఏ ఏడాది సంగతి చెబుతుంటే ఆ ఏటి జిల్లా పేరే రాయండి, బ్రాకెట్లో ఇప్పటిది ఒక్కసారి చాలు.

"ఎస్.జి.బి.టి." అంటే సెకండరీ గ్రేడ్ బేసిక్ ట్రెయినింగ్ అయిన టీచరు. "ఎల్.ఎఫ్.ఎల్." అని కనపడితే ఆడవాళ్ళ అక్షరాస్యత తక్కువన్న లెక్కన మంజూరైన ప్రధానోపాధ్యాయ పోస్టు. అది ప్రమోషన్, దాన్ని వదిలేయకండి. 1978, 1986, 1993, 1999, 2005 దగ్గర జీతం ఒక్కసారిగా పెరిగినట్టుంటే ప్రమోషన్ అనుకోవద్దు, అవి పీఆర్సీలు, అంటే ఉద్యోగులందరికీ జరిగే జీతాల సవరణలు.

పుట్టినతేదీ విషయం కూడా చూడండి. ఆ తరంలో చాలామందికి జూలై 1. బళ్ళో వేసిన రోజున అయ్యవారు వేసిన తేదీ అది. రిటైర్మెంటు లెక్కా దాని మీదే: ఒకటో తేదీన పుట్టినట్టుంటే ముందు నెల ఆఖరి రోజున దిగిపోవాలి. అంటే 1952 జూలై 1 అయితే 58 నిండి 2010 జూన్ 30. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే తిథి వేరేగా ఉంటే రెండూ వేయండి, ఒకటి "రికార్డు ప్రకారం", రెండోది "ఇంట్లో చెప్పుకునే లెక్క".

ఇక అసలు సంగతి. "టీచరుగా", "అమ్మగా" అని రెండు అధ్యాయాలు విడగొట్టకండి. అందరూ చేసే పని అదే, ఆ రెండో అధ్యాయం తీరా చూస్తే వంటలూ పండగలే అవుతుంది. ఎస్సార్‌లో సెలవుల పేజీ తీయండి. ప్రసూతి సెలవు ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగిసిందో ఉంటుంది. ఆ సెలవు 180 రోజులైంది 2010లో, అంటే మీ అమ్మగారు దిగిపోయిన ఏడే. ఆవిడ కాన్పులకి అంతకన్నా చాలా తక్కువ. ఎన్నాళ్ళ బిడ్డను ఎవరి దగ్గర వదిలి మళ్ళీ బడికి వెళ్ళారో, ఆ బడి ఇంటికి ఎంత దూరమో, బస్సా సైకిలా నడకా, ఈ నాలుగూ కలిపితే ఒక పేజీ వస్తుంది. "త్యాగమూర్తి" అన్న మాట అక్కర్లేకుండా ఆ పేజీయే చెబుతుంది. హాఫ్ పే సెలవు వరసగా పెట్టిన చోట ఇంట్లో జబ్బో చావో ఉంటుంది. ప్రావిడెంట్ ఫండు నుంచి డబ్బు తీసిన చోట ఇల్లో పెళ్ళో ఫీజో.

ఒక పొడుగు కాగితం మీద నాలుగు నిలువు గడులు గీయండి: సంవత్సరం, బడి, ఇల్లు, ఊరు. 1973 నుంచి 2010 దాకా ఏడాదికో వరస. నిండని వరసలే మీరు మనుషుల్ని అడగాల్సినవి.

---

పాతగొంతులు:

పైన మాస్టారు చెప్పినదానికి కలుపుతున్నాను. ఖాళీ వరసలు నింపడానికి పాత విద్యార్థులు కావాలి. అడ్మిషన్ రిజిస్టర్ బడిలో శాశ్వతంగా ఉంచే పుస్తకం. హాజరు పట్టీలు అన్నేళ్ళు ఉండవు, వాటి కోసం తిరగొద్దు. హెచ్‌ఎం అనుమతితో అడ్మిషన్ రిజిస్టర్ చూసి ఐదేళ్ళకొక బ్యాచ్ నుంచి ముగ్గురి పేర్లు రాసుకోండి. దాన్ని ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టకండి, అందులో కులం, పుట్టినతేదీ ఉంటాయి. మొత్తం పాతికమంది చాలు. బాగా చదివి పైకొచ్చినవాళ్ళే కాకుండా బడి మానేసినవాళ్ళు కనీసం అయిదుగురు ఉండాలి. టీచరు మాన్పించకుండా ఎంత తంటాలు పడిందో వాళ్ళకే తెలుసు.

"అమ్మ గురించి నాలుగు మాటలు చెప్పండి" అని అడిగారా, మళ్ళీ చిరునవ్వే వస్తుంది. చేతులకీ కళ్ళకీ పని చెప్పే ప్రశ్న వేయాలి. ఉదాహరణకి:

- తీసివేతలో పక్కగడి నుంచి అప్పు తెచ్చుకోవడం దేనితో చూపించేవారు? చింతపిక్కలా, పుల్లల కట్టలా, పూసల చట్రమా?
- ఎక్కాలు ఏ వేళప్పుడు చెప్పించేవారు, నిలబెట్టా, కూర్చోబెట్టా?
- ఒక గదిలో రెండు మూడు తరగతులుంటే ఎవరిని ఎటువైపు కూర్చోబెట్టేవారు? ఒకరికి చెబుతుంటే మిగతావాళ్ళు ఏం చేసేవారు?
- బెత్తం ఉండేదా? ఉంటే ఎక్కడ?
- పలక పగిలిన పిల్లవాడు ఆ రోజు దేనిమీద రాసేవాడు?
- టీచరుగారి సొంత పిల్లలు అదే బళ్ళో చదివితే వాళ్ళని ఎలా చూసేవారు? (దీనికి జవాబు మీ ముగ్గురికీ తెలియదు. పక్కన కూర్చున్న పిల్లలకి తెలుసు.)

మీది చేనేత ప్రాంతం. పేరాల, జాండ్రపేట వైపు ఇళ్ళలో పిల్లలు పొద్దున్నే కండెలు (మగ్గానికి నూలు చుట్టే గొట్టాలు) చుట్టేవారు, మగ్గం పని తొందరగా ఉంటే బడి ఎగ్గొట్టేవారు. కాబట్టి ఆ ఊళ్ళలో అడగాల్సిన ప్రశ్న ఒకటే: కండెలు చుట్టే పిల్లని టీచరు ఎలా రప్పించారు? ఇంటికి వెళ్ళారా, ఎవరితో మాట్లాడారు, ఆలస్యంగా వస్తే ఊరుకున్నారా? ఈ ఒక్క ప్రశ్న మీద మూడు పేజీలు వస్తే ఆశ్చర్యపోవద్దు.

తేదీలు జ్ఞాపకాల్లో కలగాపులగం అవుతాయి. మీ వైపు "తుఫాను ఏడాది" అంటే 1977 నవంబరు 19 కావచ్చు, 1990 మే కావచ్చు. పిల్లలు బళ్ళో ఉన్నారనో, బడి పైకప్పు పోతే చెట్టుకింద పాఠం చెప్పారనో అంటే అది 1977 అయ్యే అవకాశమే ఎక్కువ. మే నెలలో బడికి వేసవి సెలవులు. అలాగే "మధ్యాహ్నం అన్నం టీచరుగారే దగ్గరుండి వడ్డించేవారు" అంటే బడిలో వండిపెట్టడం మొదలైన 2003 తర్వాతి సంగతి. 1980ల్లో చదివినవాళ్ళు ఆ మాట అంటే కొట్టిపారేయకండి, తన క్యారేజీలోది పెట్టేవారేమో తిరిగి అడగండి. అప్పుడు అసలు విషయం బయటపడుతుంది.

రికార్డింగుకి ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మధ్యలో ఫోనొచ్చి రికార్డింగు ఆగిపోతుంది. ఫ్యాను ఆపండి. ఫోనుని బల్లమీద నేరుగా కాకుండా మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచండి, చేతి చప్పుడు పడదు. మొదట మాట్లాడేవాళ్ళ పేరు, ఏ బడి, ఏ తరగతి, ఏ ఏళ్ళు, "పుస్తకంలో వేసుకోవచ్చు" అన్న మాట వాళ్ళ నోటితోనే చెప్పించండి. ఒక్కొక్కరి దగ్గర నలభై నిమిషాలకి మించొద్దు. గంట మాటని కాగితం మీద పెట్టడానికి అయిదారు గంటలు పడుతుందని లెక్కేసుకోండి. రాసేటప్పుడు వాళ్ళ యాస దిద్దకండి.

ఆ పదకొండు వ్యాసాలు వెనక్కి పంపొద్దు, మనసు కష్టపెట్టుకుంటారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి వ్యాసంలో ఒక వాక్యం పట్టుకుని "ఇది ఏ రోజు జరిగింది పిన్నీ, అప్పుడు ఏం అంది?" అని అడగండి. చెప్పింది మీరే చేర్చి, విశేషణాలు తీసేసి, అచ్చుకి ముందు ఒకసారి చదివి వినిపించండి.

---

అచ్చుపని:

మేడమ్, సైజు డెమ్మీ 1/8, అంటే సుమారు అయిదున్నర ఇంటూ ఎనిమిదిన్నర అంగుళాలు. ఒక ఫారం 16 పేజీలు. 80 పేజీలంటే సరిగ్గా 5 ఫారాలు. 83 పేజీల మేటర్ ఇస్తే ఆ మూడు పేజీలకి ఇంకో ఫారం ఖర్చు, కాబట్టి ముందే కోయండి. లోపలికి 80 జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) మ్యాప్‌లిథో, 70 అయితే వెనక అక్షరాలు కనపడతాయి. ఫొటోలన్నీ ఒకచోట 8 పేజీలుగా 130 జీఎస్ఎం ఆర్ట్ పేపరు మీద రంగుల్లో వేయించి మధ్యలో చేర్చండి. మామూలు కాగితం మీద పాత ఫొటో మసిబారినట్టు వస్తుంది. అట్ట 300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు, మ్యాట్ ల్యామినేషన్. పర్ఫెక్ట్ బైండింగ్, అంటే వెన్నుకి జిగురు పెట్టి అతికించేది, చేయించండి. సైడ్ పిన్ కొడితే పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, లోపలి అంచు మాటలు చదవలేరు. వెన్ను నాలుగైదు మిల్లీమీటర్లే వస్తుంది, దానిమీద పేరు వేయాలని పట్టుబట్టొద్దు, అటో ఇటో జరుగుతుంది.

కాపీలు ఎన్నో మీరే లెక్కేయండి: బంధువులు, తోటి టీచర్లు, మాట్లాడిన పాతికమంది, బళ్ళు. 200 అయితే డిజిటల్ ప్రింట్, 500 దాటితేనే ఆఫ్‌సెట్ గిట్టుబాటు. వెయ్యి వేస్తే కాపీకి రేటు తగ్గుతుందని చెబుతారు. తగ్గేది నిజమే, మిగిలినవన్నీ మీ అటక మీదే ఉంటాయి.

అక్షరం 13 పాయింట్లకి తగ్గొద్దు. చదివేవాళ్ళలో ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు.

టైపు యూనికోడ్‌లో చేయించండి. అను ఫాంట్‌లో చేస్తే ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఫైలు ఇంగ్లీషు అక్షరాల గందరగోళంలా తెరుచుకుంటుంది, రేపు పీడీఎఫ్‌లో వెతకడమూ కుదరదు. అనులో వచ్చిన వ్యాసాల్ని కన్వర్టర్‌తో మార్చాక వత్తులూ, అంకెలూ, సున్నాలూ ఒక్కొక్కటి చూడాలి. యూనికోడ్ తెలుగుని ఇన్‌డిజైన్‌లో పెట్టేటప్పుడు పేరా కంపోజర్‌ని "వరల్డ్ రెడీ"కి మార్చమని డీటీపీ అబ్బాయికి చెప్పండి. మార్చకపోతే వత్తులు విడిపోయి పక్కన పడతాయి. మండలి, సురన్న, రామభద్ర ఫాంట్లు ఉచితం. మేటర్‌కి మండలి బాగుంటుంది, రామభద్ర శీర్షికలకి మాత్రమే.

ప్రూఫు మూడుసార్లు. మూడోసారి పేర్లూ, ఇంటిపేర్లూ, తేదీలు మాత్రమే చూడాలి, అదీ మేటర్ రాయని మనిషి చేత. స్మృతి సంచికల్లో వచ్చే గొడవల్లో సగం ఎవరి పేరో తప్పు పడటం వల్లే, మిగతా సగం ఎవరి ఫొటోనో పడకపోవడం వల్ల.

ఫొటోలకి: పాస్‌పోర్టు సైజువి 600 డీపీఐలో స్కాన్ చేయండి. అచ్చుకి 300 కావాలి, కాబట్టి అంగుళంన్నర ఫొటోని మూడు అంగుళాలకి పెంచొచ్చు, అంతకు మించి లాగితే ముఖం చెదురుతుంది. అద్దానికి అతుక్కుపోయినవి పీకకండి, బొమ్మపొర అద్దానికే ఉండిపోతుంది. అద్దంతోనే స్కాన్ చేయించండి. 80ల్లో వచ్చిన గరుకు కాగితం ఫొటోలు స్కానర్లో చుక్కలు చుక్కలుగా పడతాయి. వాటిని ఎండ నేరుగా పడని వెలుతురులో, రెండు వైపుల నుంచీ కాంతి వచ్చేలా పెట్టి కెమెరాతో తీయండి. అన్నయ్యగారిని వాట్సాప్‌లో ఫొటోలు పంపేటప్పుడు "డాక్యుమెంట్"గా పంపమనండి, మామూలుగా పంపితే కుదించేస్తుంది.

గ్రూపు ఫొటో మీద పల్చటి కాగితం వేసి తలల చుట్టూ గీసి అంకెలు వేయండి. ఆ కాగితం పట్టుకుని ఊళ్ళోకి వెళ్తే పేర్లు వాళ్ళే చెబుతారు.

---

గుమాస్తా_గుంటూరు:

హెచ్చెమ్ మాస్టారితో ఒక్క విషయంలో ఒప్పుకోను. ఎస్సార్‌లో అప్పులూ, ఫండు తీసిన మొత్తాలూ మీకు తెలియడం మంచిదే. పుస్తకంలో వేయాలా? "1991లో పెద్దమ్మాయి పెళ్ళికి ఫండు తీసింది" అని అచ్చులో చూస్తే ఆ అమ్మాయి అత్తవారింట్లో ఏమనుకుంటారు? వేసేముందు ఆ వాక్యంలో ఉన్న మనిషిని అడగాలి. పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్ కనపడే ఏ కాగితమూ బొమ్మగా వేయొద్దు. ఫ్యామిలీ పెన్షన్ వస్తుంటే ఇది ఇంకా ముఖ్యం.

బహుమతి సంగతి. లక్ష రూపాయల డిపాజిట్‌కి ఆరున్నర శాతం అనుకుంటే ఏటా 6,500. డిపాజిట్ బడి పేరున వేయకండి. హెచ్‌ఎం బదిలీ కాగానే సంతకాల మార్పు దగ్గర ఆగిపోతుంది, రెండేళ్ళకి ఎవరూ పట్టించుకోరు. డిపాజిట్ మీ పేరున ఉంచి, ఏటా వడ్డీ వచ్చాక బహుమతి సొమ్ము పంపండి. ఒక పేజీ ఒప్పంద పత్రం మాత్రం హెచ్‌ఎం, పేరెంట్స్ కమిటీ సంతకాలతో ఉండాలి. అందులో ఎవరికి, ఏ లెక్కన, ఏ రోజున, ఈ మూడూ రాయాలి. సెప్టెంబరు 5 అనుకుంటారు గానీ ఆ రోజు బడికి వేరే హడావుడి ఉంటుంది. ఆగస్టు 15న తల్లిదండ్రులు వస్తారు, అది మేలు.

ఇంకో మెలిక. ప్రాథమిక బళ్ళు నిలకడగా ఉండవు. 2022లో చాలాచోట్ల 3, 4, 5 తరగతుల్ని దగ్గర హైస్కూలుకి పంపేశారు. "అయిదో తరగతి ఫస్టుకి" అని రాసుకున్న బహుమతులు ఆ ఏడు తీసుకునేవాళ్ళు లేక ఆగాయి. "ఈ బడి లేకపోయినా, తరగతులు మారినా, ఆ ఊరి పిల్లలు చేరిన బడికి" అన్న వాక్యం తప్పకుండా పెట్టండి. నన్నడిగితే ఫస్టు మార్కుకి ఇవ్వొద్దు. ఎక్కువ రోజులు బడికొచ్చిన ఆడపిల్లకి ఇవ్వండి, హాజరు పట్టీ చూసి నిర్ణయించేది కాబట్టి గొడవ ఉండదు.

---

పేరాల_పిల్ల:

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఎస్సార్ సెలవుల పేజీ తీశాను, చెల్లి పుట్టినప్పటి ఎంట్రీ దొరికింది. రెండు చిన్న సందేహాలు. పుస్తకం ఎప్పటికి సిద్ధం కావాలి? అన్నయ్య కిందటేటి తేదీ చూసి నవంబరు మూడో వారానికి టికెట్లు తీసుకోబోతున్నాడు. రెండోది, కుటుంబం బయట కాపీలు ఎక్కడ ఇవ్వాలి?

---

రిటైర్డ్_హెచ్చెమ్:

టికెట్లు ఆపమనండమ్మా. సంవత్సరీకం తిథిని బట్టి. చాంద్రమాన సంవత్సరం 354 రోజులే కాబట్టి మామూలుగా తేదీకి పదకొండు రోజుల ముందు వస్తుంది. కానీ 2026లో అధిక జ్యేష్ఠం ఉంది. అందుకని పద్దెనిమిది, పంతొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తుంది, అంటే డిసెంబరు మొదటి వారం దాకా పోవచ్చు. పురోహితుణ్ణి అడిగి తేదీ రాయించుకున్నాకే కొనమనండి.

కాపీలు ఆవిడ పనిచేసిన ప్రతి బడికీ రెండు. వేటపాలెం సారస్వత నికేతనానికి రెండు తప్పకుండా ఇవ్వండి, 1918 నాటి గ్రంథాలయం, మీ వైపు మనుషుల సంగతులు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు అక్కడికే వస్తారు. ఇచ్చేటప్పుడు రసీదు తీసుకోండి.

---

అచ్చుపని:

డిసెంబరు మొదటి వారం అయితే ఫైలు దసరాకి ముందే ప్రెస్సులో ఉండాలి. దీపావళి దాటితే ప్రెస్సులన్నీ కొత్త ఏటి క్యాలెండర్లూ డైరీల మీద పడతాయి, 200 కాపీల పనిని ఎవరూ ముట్టరు. వెనక్కి లెక్కేస్తే జూన్, జూలైల్లో మాటలు రికార్డు చేయడం, ఆగస్టు ఆఖరికి మేటర్ ముగింపు, సెప్టెంబరంతా ప్రూఫులు. ముందు ఒకే ఒక్క కాపీ తీయించి బైండు చేసి ఇవ్వమనండి. అది చేతిలోకి వచ్చి పేజీలన్నీ తిప్పి చూశాకే మిగతా 199కి సరేననండి.